యాభై నాలుగు ఊదా చుక్కలు

ఆ ఊళ్ళో చెత్తకు ఒక పటం ఉంది. నవ్వకండి, నిజంగానే ఉంది. నగరపాలక కార్యాలయం మొదటి అంతస్తులో, నీళ్ళ పంపుల విభాగం పక్క గదిలో, ప్రతి సోమవారం పదింటికి గోడంత తెర మీద ఆ పటం వెలుగుతుంది. వీధులన్నీ బూడిదరంగు గీతలు, వాటి మీద చుక్కలు. ఎర్ర చుక్క అంటే ప్లాస్టిక్ సంచి, పసుపుది కాగితం కప్పు, నీలం నీళ్ళ సీసా, గోధుమరంగు సిగరెట్ పీక, ఊదా మందుల రేకు. ఒక్కో చుక్క వెనక ఒక్కో ఫొటో. సర్వే చేసేవాళ్ళు ఐదుగురు ఆడవాళ్ళైతే, ఆ చుక్కల్లో మూడో వంతు పెట్టింది ఒక్క మనిషి. అందుకే ఆమెను అందరూ చుక్కలక్క అంటారు. సొంత పేరు ఉంది గానీ, హాజరు పట్టీలో తప్ప అది ఎవరి నోటా వినబడదు.

ఫోను చేతికి రాకముందు ఇరవై ఏళ్ళు ఆమె చీపురు పట్టింది. ఊడ్చింది అంటే సగం మాటే చెప్పినట్టు. చెత్తను చూసి ఊరి సంగతులన్నీ పోల్చుకునేది. మూడో సందు చివరింటి ముందు పసిపిల్లల పాలడబ్బా మూత కనబడితే, ఆ ఇంటి కోడలు పురుడు పోసుకుని వచ్చేసిందని ఇరుగుపొరుగు కన్నా ముందు ఆమెకు తెలిసేది. ఒకసారి పార్కు బెంచీ కింద కళ్ళజోడు దొరికితే, దాని దళసరి అద్దాలు చూసి, ఇది లేకుండా ఆ మనిషి ఇల్లు చేరి ఉండడని అప్పటికప్పుడు వెతుక్కుంటూ బయలుదేరింది. రెండు వీధుల అవతల గోడ పట్టుకుని నడుస్తున్న రిటైరైన మాస్టారు ఆమె చేతులు పట్టుకుని వదల్లేదు. ఇంటికొచ్చి ఈ కబుర్లన్నీ మొగుడికి చెప్పేది. అతను గుండీలు కుడుతూ ఊ కొట్టేవాడు.

పది వారాల కిందట ఆ చీపురు తీసేసుకుని చేతికి ఫోను ఇచ్చారు. ఇచ్చినాయన ముప్పై ఏళ్ళ ఇంజినీరు, అందరికీ మ్యాప్ సారు. మంచివాడే, కోపం లేదు, కానీ మాటంటే మాటే. మొదటి రోజే మూడు నియమాలు చెప్పాడు. వంగొద్దు, ముట్టుకోవద్దు, ఆగొద్దు. నిలబడిన చోటి నుంచే ఫొటో తియ్యాలి. ఫోను తనే బొమ్మ చూసి, "మందుల రేకు. అవునా, కాదా?" అని అడుగుతుంది. అవును అని నొక్కితే చుక్క పటం మీద పడుతుంది. అడుగు ముందుకెయ్యాలి.

మొదటి వారం ఆమెకు ఇది ఒంటబట్టలేదు. ప్రతిదానికీ వంగేది. వంగితే చూడాలనిపించేది, చూస్తే ఆలోచన పుట్టేది. వారం తిరిగేసరికి పట్టికలో అందరికన్నా అట్టడుగున ఆమె ఉంది, రోజుకు రెండొందల పది చుక్కలతో. బస్టాండు వైపు తిరిగే పెద్దావిడను అందరూ బస్టాండు పిన్ని అంటారు. మోకాళ్ళ నొప్పుల మనిషి, ఆవిడే నాలుగొందలు దాటింది.

"ఏమే, ఫొటోలు తీస్తున్నావా, పెళ్ళిచూపులకు పోతున్నావా? ఒక్కోదాన్నీ అంతసేపు చూస్తున్నావ్?" అంది పిన్ని, అందరి ముందూ.

ఒళ్ళు మండింది. రెండో వారం నుంచి ఆమె నడుం వంగలేదు. ఠక్కు, అవును, ముందుకు. ఠక్కు, అవును, ముందుకు. నాలుగో వారానికి రోజుకు ఏడొందలు. మ్యాప్ సారు చప్పట్లు కొట్టించాడు, చుక్కలక్క అన్న పేరు ఆ రోజే పుట్టింది. ఏడొందలు తీస్తున్న మనిషి అందులో ఒక్కదాన్నీ చూడడం లేదన్న సంగతి ఎవరికీ తట్టలేదు. ఆమెకు అసలే తట్టలేదు.

ఇక ఇంటి సంగతి. మొగుడు దర్జీ. పార్కు దాటాక వచ్చే బజారులో చిన్న దుకాణం. చేత్తో కాజాలు కుట్టడంలో అతనికి పెట్టింది పేరు. మిషను మీద అయితే నిమిషంలో అయిపోయే కాజాను అతను పావుగంట కూర్చుని కుట్టేవాడు. కోటు గుండీ అందులోంచి దూరేటప్పుడు మెత్తగా జారాలి, మళ్ళీ తనంతట తాను ఊడకూడదు, అదీ అతని పట్టుదల. మూడేళ్ళ కిందట అతనికి రెండు కిడ్నీలూ చెడిపోయాయి. ఎవరిది సరిపోతుందా అని చూస్తే, చిత్రంగా, పెళ్ళానిదే సరిపోయింది. ఒకటి తీసి ఇచ్చేసింది. ఇచ్చిన రోజే ఒక ఒట్టు పెట్టుకుంది. నీకు ఇచ్చాను అన్న మాట జన్మలో అతని మొహం మీద అనకూడదని. మూడేళ్ళలో ఒక్కసారి కూడా అనలేదు.

మార్చిన కిడ్నీని ఒళ్ళు పరాయిదని తోసెయ్యకుండా ఉండాలంటే పొద్దున ఎనిమిదికి ఒకటి, సాయంత్రం ఎనిమిదికి ఒకటి మాత్ర పడాలి. జీవితాంతం. మింగే క్షణం దాకా అది రేకులోనే ఉండాలని ఆసుపత్రిలో గట్టిగా చెప్పారు, గాలి తేమ తగలకూడదట. అందుకని ప్రతి ఆదివారం సాయంత్రం చుక్కలక్క వంటగది గట్టు మీద మాత్రల రేకులు పరుచుకుని, ఒక్కోదాన్నీ విడివిడిగా ముక్కలు కత్తిరించి, పద్నాలుగు గళ్ళున్న డబ్బాలో సర్దేది. కత్తిరించడానికి దుకాణంలో పనికిరాకుండా పోయిన జిగ్‌జాగ్ కత్తెర ఒకటి ఇంట్లో పడి ఉంది. గుడ్డ పోగులు ఊడకుండా అంచును పళ్ళుపళ్ళుగా కోసే కత్తెర. దానికి ఒక పన్ను విరిగిపోయింది. గుడ్డకు పనికిరానిది రేకుకేం, చక్కగా తెగేది.

చీపురు ఉద్యోగంలో ఆమె తెల్లవారకముందే పనికి పోయి ఏడున్నరకు ఇల్లు చేరేది. ఎనిమిదికి తన చేత్తోనే మాత్ర ఇచ్చేది. ఫోను ఉద్యోగం వచ్చాక ఆరింటికి పోతే రెండింటికి గానీ రాదు. పొద్దుటి మాత్ర అతనే వేసుకుని దుకాణానికి పోతాడు. ఆమెకు సెలవున్న బుధవారం కూడా, దుకాణంలో వేసుకుంటానని రేకు జేబులో పెట్టుకుని వెళ్ళేవాడు. ఆమె వచ్చీ రాగానే డబ్బా తీసి చూసేది. పొద్దుటి గడి ఖాళీగా ఉండేది. కడుపు నిండినట్టు ఉండేది ఆమెకు.

ఒక్కటే బాధ ఉండేది. ఆ మందుకు చేతులు వణుకుతాయి. అన్నం తినడానికి అడ్డం రాదు, తలుపు తియ్యడానికి అడ్డం రాదు. సూదిలో దారం ఎక్కించడానికి మాత్రం అడ్డం వస్తుంది. మూడేళ్ళలో అతని దుకాణానికి కోట్లు రావడం తగ్గి, తగ్గి, ఆగిపోయింది. ప్యాంటు కాళ్ళు మడిచి కుట్టడం, జిప్పు మార్చడం, అంతే మిగిలింది. అప్పుడప్పుడు అతను చేతులు ఒళ్ళో పెట్టుకుని వాటి వంక చూస్తూ కూర్చునేవాడు. "ప్రాణం కన్నా కాజా ఎక్కువా ఏంటయ్యా?" అని ఆమె నవ్వుతూ కసిరేది. అతనూ నవ్వేవాడు.

రెండు నెలల కిందట ఆ వణుకు తగ్గింది. ఒక సాయంత్రం దీపం కింద కూర్చుని, ఒక్క ప్రయత్నంలో సూదిలోకి దారం ఎక్కించాడు. చుక్కలక్కకు ఏడుపు ఆగలేదు. "ఒళ్ళు మందుకు అలవాటు పడింది, ఇక బెంగ లేదు" అని బస్టాండు పిన్నికి చెప్పింది, పక్కింటివాళ్ళకు చెప్పింది, కూరల బండి ఆయన్ని నిలబెట్టి మరీ చెప్పింది. అతను మళ్ళీ కోట్లు ఒప్పుకున్నాడు. ఆ రెండు నెలలూ ఆ ఇంట్లో నవ్వులే నవ్వులు.

ఆ సోమవారం పటం గదిలో మ్యాప్ సారు ఉషారుగా ఉన్నాడు.

"ఇన్నాళ్ళూ ఏ రోజుది ఆ రోజే చూశాం. మధ్యాహ్నానికి ఊడ్చేస్తారు, మర్నాడు కొత్త చెత్త. ఇవాళ పది వారాలూ ఒకదాని మీద ఒకటి పరుస్తున్నా. చూడండి" అన్నాడు.

తెర మీద ఊరు చుక్కల కింద మునిగిపోయింది. తరువాత అతను ఒక్కో రంగూ తీసేస్తూ వచ్చాడు. ఎరుపు పోయింది, పసుపు పోయింది, నీలం, గోధుమరంగు పోయాయి. ఊదా మిగిలింది. మందుల దుకాణాల ముందు కొన్ని, ఆసుపత్రి గేటు దగ్గర ఒక గుంపు. అది మామూలే. పార్కు మూల మాత్రం ఒక్క చోట, గిన్నె బోర్లించినట్టు, ముద్దగా ఊదా.

"ఇక్కడ మందుల షాపు లేదు, ఆసుపత్రి లేదు, కనీసం ఇల్లు కూడా లేదు. పార్కు కంచె, కరెంటు పెట్టె, అంతే. ఫోను చెప్పే చోటు రెండు మూడడుగులు అటూ ఇటూ అవుతుంది కాబట్టి ముద్దలా కనబడుతోంది గానీ, నిజానికి ఇదంతా ఒక్క చోటే. యాభై నాలుగు. రోజుకు ఒకటి. ఎవరి బీటు ఇది?"

"ఇంకెవరిది, మన చుక్కలక్కది. బుధవారం దానికి సెలవు, ఆ రోజు నేను పోతా. నేనూ తీసే ఉంటా" అంది బస్టాండు పిన్ని.

"మొదటి వారం ఒక్కటీ లేదు. రెండో వారం సోమవారం మొదలైంది. అక్కడి నుంచి రోజూ ఉంది, ఒక్క ఆదివారం తప్ప. మనవాడు ఆదివారం మాత్రం సెలవు తీసుకుంటున్నాడు!" అన్నాడు సారు.

గది గొల్లుమంది. అందరికన్నా పెద్దగా నవ్వింది చుక్కలక్కే.

"రేపు అక్కడే కాపు కాస్తా సార్. కాలరు పట్టుకుని మీ ముందుకు లాక్కొస్తా, చూడండి."

"ముందు వాడు ఏం పారేస్తున్నాడో చూద్దాం" అని మ్యాప్ సారు ఒక చుక్క మీద నొక్కాడు.

బొటనవేలి గోరంత రేకు ముక్క తెర మీద తలుపంత అయింది. మట్టి, ఎండుటాకు, పక్కన కరెంటు పెట్టె కాలు. వెండి రంగు రేకు. నాలుగంచులూ పళ్ళుపళ్ళుగా ఉన్నాయి.

"ఇదేంటి, రంపంతో కోసినట్టు?" అన్నాడు సారు. ఇంకోటి నొక్కాడు. అదే అంచు. ఇంకోటి. అదే.

"సార్, ఆగండాగండి. లోపల మాత్ర అలాగే ఉంది. ఉబ్బెత్తుగా ఉంది చూడండి. వాడు తిని పారెయ్యట్లేదు, తినకుండా పారేస్తున్నాడు!" అని పిన్ని కుర్చీలోంచి లేచింది.

చుక్కలక్క నవ్వు నోట్లోనే ఉంది. దాన్ని ఏం చెయ్యాలో ఆమెకు తెలియలేదు. ఒక అంచు మధ్యలో, పళ్ళ వరసలో, ఒక పన్ను లేదు. అక్కడ గీత తిన్నగా పోయింది. సారు ఫొటోలు మారుస్తున్నాడు. ప్రతి రేకు మీదా ఆ ఒక్క పన్ను లేదు. నిన్న సాయంత్రం గట్టు మీద ఆమె చేతిలో ఆడిన కత్తెర. ఇరవై ఏళ్ళు వీధిలో పడిన ప్రతి చిత్తు ముక్కకూ సొంతదారు ఎవరో చెప్పిన మనిషి, సొంత చేత్తో కత్తిరించిన రేకును సొంత చేత్తో ఫొటో తీసింది. బుధవారాలు తొమ్మిది పోతే, నలభై ఐదు సార్లు. నలభై ఐదు సార్లు ఫోను అడిగింది, నలభై ఐదు సార్లు ఆమె వేలు అవును అంది.

"ఫోను వీటిని ఖాళీ రేకులే అనుకుంది. మీ తప్పేం లేదులెండి" అంటున్నాడు సారు. ఆ మాటలు ఆమె చెవికి చేరలేదు. బల్ల పట్టుకుని లేచి, సంచీ కూడా తీసుకోకుండా బయటికి నడిచింది. వెనక నుంచి పిన్ని పిలుస్తూనే ఉంది.

సోమవారం సగం బీటు సమావేశానికి ముందు, సగం తరువాత. పార్కు మూల రెండో సగంలో వచ్చేది. అంటే ఇవాళ్టిది ఇంకా అక్కడే ఉంటుంది. ఆమె నడవలేదు, పరుగెత్తింది. లేకుండా ఉంటే బాగుండు, ఇంకెవరిదో కత్తెర అయితే బాగుండు, అదే కత్తెరలు ఊళ్ళో వంద ఉంటే బాగుండు అని దారంతా అనుకుంది. కరెంటు పెట్టె వెనక ఎండుటాకుల్లో ఉంది. తొమ్మిది వారాల్లో మొదటిసారి ఆమె నడుం వంచింది. చేత్తో తీసింది. నిన్న సాయంత్రం ఇదే వేళ్ళతో సోమవారం గడిలో పెట్టిన మాత్ర. దాన్ని గుప్పిట్లో బిగించి బజారు వైపు నడిచింది.

దుకాణంలో అతను నల్ల కోటు ఒళ్ళో వేసుకుని కాజా కుడుతున్నాడు. ఆమె వీధికి ఈవల నుంచే చూసింది. సూది లోపలికి పోవడం, దారం ముడి పడడం, మళ్ళీ సూది. చెయ్యి రాయిలా నిలకడగా ఉంది. మొన్నటి దాకా ఆ నిలకడ చూసి మురిసి ముక్కలైన మనిషికి, ఇప్పుడు దాన్ని చూస్తుంటే ఒళ్ళు గగుర్పొడిచింది. దాన్ని చూపించే కదా పక్కింటివాళ్ళ ముందు గొప్పలు పోయింది.

లోపలికి వెళ్ళి రేకు ముక్కను కోటు మీద పెట్టింది.

"ఏంటిది?" అన్నాడతను, తల ఎత్తకుండానే.

"నన్నడుగుతావేంటయ్యా? నువ్వు చెప్పు."

అతను చూశాడు. "దార్లో పడిపోయినట్టుంది."

"యాభై నాలుగు సార్లు పడిపోయిందా?"

సూది ఆగింది. "ఎవరు లెక్కపెట్టారు?"

"నేనే. నేనే లెక్కపెట్టా. గోడంత చేసి అందరి ముందూ చూపించారు. నవ్వాను కూడా."

అతను సూదిని కోటు మడతలో గుచ్చాడు. తప్పు చేసిన పిల్లాడు సంజాయిషీ చెప్పినట్టు, "ఆదివారం వేసుకుంటున్నాగా" అన్నాడు. "ఆదివారం కుట్టు లేదు కదా."

ఆమెకు నవ్వాలో చెంప పగలగొట్టాలో తెలియలేదు.

"సాయంత్రంది నీ ముందే మింగుతున్నా. ఒక పూట మానేస్తే ఏమవుతుందిలే అనుకున్నా. ముందు ఒక్క రోజు చూశా. వారానికి చెయ్యి నిలబడింది. ఇంక మళ్ళీ వేసుకోబుద్ధి కాలేదే. నీది కదా, గట్టిగానే ఉంటుందిలే అనుకున్నా."

"మరి ఆ పార్కు దగ్గరే ఎందుకు?"

"అక్కడ మధ్యాహ్నం ఊడ్చేస్తారుగా. ఊడిస్తే పోతుందనుకున్నా." గొంతు తగ్గించాడు. "కోటు గుడ్డ పట్టుకొచ్చినవాళ్ళు నా చేతులు చూసి, మళ్ళీ వస్తాంలే మాస్టారూ అని వెళ్ళిపోయేవాళ్ళు. ఒకాయన గుడ్డ నా చేతిలోంచి మెల్లగా లాక్కున్నాడు. దయగా లాక్కున్నాడే. అది నేను తట్టుకోలేకపోయా."

అతని బాధ ఆమెకు అర్థమైంది. అర్థమైనా లోపలి నుంచి వేరే మాట తన్నుకొచ్చింది. మూడేళ్ళు పళ్ళ బిగువున ఆపిన మాట.

"నా ఒంట్లోంచి కోసి ఇచ్చానయ్యా. కరెంటు పెట్టె వెనక పారెయ్యడానికి కాదు."

అని నాలుక కరుచుకుంది. అతను మాత్రం తల ఊపాడు.

"ఈ మాట ఎప్పుడంటావా అని మూడేళ్ళుగా చూస్తున్నా. పోనీలే, అనేశావు."

"అంత కష్టమైతే డాక్టరమ్మకు చెప్పొచ్చు కదా! నోరు లేదా నీకు? మూడు నెలలకోసారి పోతున్నాం, ఎదురుగా కూర్చుంటున్నాం. ఒక్క ముక్క చెప్తే ఏం పోయేది?"

అతను ఆమె మొహంలోకి చూశాడు. ఏదో అనబోయి మానేశాడు. కోటు మడిచి బల్ల మీద పెట్టి, చెప్పుల్లో కాళ్ళు పెట్టాడు. చెప్పులు ఎక్కలేదు. పాదాలు ఉబ్బి ఉన్నాయి. ఆమె వంగి అతని పాదం మీద వేలితో నొక్కింది. వేలు తీశాక అక్కడ గుంట పడి, అలాగే ఉండిపోయింది.

ఆసుపత్రిలో రెండు గంటలు. రక్తం తీశారు, బీపీ చూశారు, బరువు చూశారు. మొన్నటికన్నా నాలుగు కిలోలు పెరిగాడు, అంతా నీరే. ఫలితం కాగితం వచ్చాక డాక్టరమ్మ ఇద్దరినీ లోపలికి పిలిచింది. మొదటి నుంచీ చూస్తున్నది ఆవిడే. ఎప్పుడూ నవ్వుతూ పలకరించే మనిషి ఇవాళ నవ్వలేదు.

"రక్తంలో క్రియాటినిన్ మొన్న మూడు నెలల కింద ఉన్నదానికి ఇప్పుడు రెండింతలు చూపిస్తోంది. ఒళ్ళు ఆ కిడ్నీని తోసెయ్యడం మొదలుపెట్టింది. పోయినంత పోయింది, అది తిరిగి రాదు. మిగిలింది నిలబడుతుందో లేదో ఇప్పుడే చెప్పలేను. ఈ పూటే పెద్ద ఇంజెక్షన్లు మొదలుపెట్టాలి. అసలు ఎన్ని మాత్రలు మానేశారు?"

అతను పెళ్ళాం వంక చూశాడు.

"యాభై నాలుగండీ. ఇవాళ్టిదీ కలిపితే యాభై అయిదు. అన్నీ పొద్దుటివే" అంది చుక్కలక్క.

"ఎందుకు మానేశారు?"

"చేతులు వణుకుతున్నాయనండీ. ఆపరేషను అయిన ఏడాది నుంచే ఉంది. సూది పట్టుకోనిచ్చేది కాదు. చాలా బాధపడ్డాడండీ, లోపల లోపలే కుమిలిపోయాడు."

డాక్టరమ్మ రాయడం ఆపింది. కలం బల్ల మీద పెట్టింది. అతని పాత కాగితాల కట్ట ముందుకు లాక్కుని వెనక్కి తిప్పుతూ పోయింది.

"అదేంటమ్మా? నేను వచ్చిన ప్రతిసారీ అడుగుతాను కదా. ఆ మందుకు అందరినీ అడగాల్సిందే. ఇదిగో, రాసుకున్నాను." వేలు పెట్టి చదివింది. "వణుకు లేదు, భార్య చెప్పారు. ఇది మొన్నటిది. దానికి ముందుది, వణుకు లేదు, భార్య చెప్పారు. దానికి ముందుదీ అంతే. అంతకు ముందు కూడా." తల ఎత్తింది. "ఉందని చెప్పి ఉంటే మోతాదు సరిచేసేవాళ్ళం. తగ్గకపోతే వేరే మందు ఉంది, ఇంతగా వణుకు రానిది. మార్చడానికి వారం పట్టదు."

చుక్కలక్క ఆ కాగితాల వంక చూసింది. అబద్ధం అందామంటే తేదీలు ఉన్నాయి. మరిచిపోయింది గానీ, ఇప్పుడు అన్నీ ఒక్కసారి కళ్ళ ముందుకొచ్చాయి. డాక్టరమ్మ అతన్నే అడిగేది, "చేతులు ఎలా ఉన్నాయండీ?" అని. అతను నోరు తెరిచేలోపు ఆమె అందుకునేది. "అబ్బే, ఏం లేదండీ, బాగున్నాడు, బ్రహ్మాండంగా ఉన్నాడు." వణుకు అంటే మందు తగ్గించేస్తారని భయం. మందు తగ్గితే కిడ్నీ పోతుందని భయం. తను ఇచ్చింది పోతుందని. పక్క కుర్చీలో అతను రెండు చేతులూ మోకాళ్ళ సందున దాచుకుని కూర్చునేవాడు. నిద్ర ఎలా ఉందంటే ఆమే, ఆకలి ఎలా ఉందంటే ఆమే. మూడేళ్ళలో ఆ గదిలో అతను ఒక్క ప్రశ్నకైనా సొంత నోటితో జవాబు చెప్పాడా అని వెతుక్కుంది. ఒక్కటీ దొరకలేదు.

నోరు లేదా నీకు అని దుకాణంలో అడిగింది. అతను చూసిన చూపు ఇప్పుడు అర్థమైంది. అప్పుడే అనొచ్చు కదా. నువ్వు చెప్పనిస్తే కదా అని ఒక్క మాట అనొచ్చు కదా. అనలేదు. ఇప్పుడు కూడా ఆమె వంక చూడడం లేదు, నేల వంక చూస్తున్నాడు.

డాక్టరమ్మ కుర్చీ అతని వైపు జరుపుకుంది. "మీరు చెప్పండి. చేతుల సంగతి ఎప్పుడు మొదలైంది, ఎలా ఉండేది, అన్నీ. నాకు మొదటి నుంచి కావాలి."

అతను తల ఎత్తి, అలవాటు కొద్దీ, పెళ్ళాం వైపు తిరిగాడు. ఆమె పెదవులు అప్పటికే కదలబోతున్నాయి. ఆ కదలిక ఆమెకే తెలిసింది. కుర్చీ వెనక్కి నెట్టి లేచింది. ఎవరితోనూ ఏమీ అనకుండా బయటికొచ్చి, తలుపు చప్పుడు కాకుండా దగ్గరికి లాగింది.

వసారాలో నిలబడి చేత్తో నోరు నొక్కి పట్టుకుంది. కాసేపు లోపల ఏ శబ్దమూ లేదు. ఇక చెప్పడేమో అనుకుంది. తరువాత అతని గొంతు వినబడింది. ఒక మాట, ఆగడం, ఇంకో మాట. మాటలు అర్థం కావడం లేదు గానీ గొంతు ఆగడం తగ్గింది. నెమ్మదిగా, ఎక్కడా ఎవరూ అందుకోకుండా, అతను చెబుతూ పోయాడు.

ఇంజెక్షన్ ట్రే పట్టుకుని నర్సు వచ్చింది. "జరగండమ్మా, మందు మొదలుపెట్టాలి" అని తలుపు మీద చెయ్యి వేసింది.

చుక్కలక్క తలుపుకు అడ్డంగా నిలబడింది. కళ్ళ నీళ్ళు కారిపోతున్నాయి, తుడుచుకోలేదు.

"ఒక్క నిమిషం తల్లీ" అంది. "మా ఆయన మాట్లాడుతున్నాడు."